ఆయాసం, నలత

నాకు ఆ రోజు ఆయాసం లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ తేదీ కింద "గొంతు నొప్పి, మాత్రలు" అని రాసి మూసేశాను.

గొంతు నొప్పి మాత్రం నిజమే, మూడు రోజులుగా ఉంది. పదింటికల్లా నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఉండాలి. రాజమండ్రిలో పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి ఓపీ లైను గేటు దాకా ఉంది. స్టాఫ్ రూములో ఒక టీచరు గారు ఎప్పుడో నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది: "ఎమర్జెన్సీకెళ్ళి ఆయాసం అనండి, లైనూ గీనూ ఉండదు."

క్లాసులో తప్ప నలుగురిలో నోరు విప్పడానికే భయపడేదాన్ని, నర్సు అడగ్గానే "ఆయాసమండి" అనేశాను. ఖాళీగా ఉన్న ఒకే ఒక్క మంచం నాకిచ్చి, వేలికి క్లిప్పు పెట్టింది.

అప్పుడే ఒక పెద్దాయన భార్యతో వచ్చారు. కడియంలో మొక్కల నర్సరీలో పనిచేస్తారట. గోళ్ళనిండా ఎర్రమట్టి.

"ఏమైందండి?" అని నర్సు అడిగింది.

"ఏం లేదమ్మా. కొంచెం నలతగా ఉంది, అంతే."

"నలతైతే ఓపీలో చూస్తారండి. చీటీ అక్కడ రాయించుకోండి. ఖాళీగా ఉన్న ఒక్క మంచం ఆయాసమంటే ఆ అమ్మాయికిచ్చాను."

"పొద్దున్నించీ ఒకటే చెమటలండి," అంది భార్య. "మొక్క వాడితే పరిగెత్తుకెళ్ళి నీళ్ళు పోస్తాడు. తను వాడితే మాత్రం నలతంట."

"ఊరుకోవే. ఆ పాపకి ఆయాసమంట, ముందు చూడనీ."

"సరే, కాసేపు కూర్చోండి," అని నర్సు బెంచీ చూపించింది.

నేను లేవాలి. "నాకేం లేదండి, ఆయన్ని పడుకోబెట్టండి" అంటే చాలు. ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు కూర్చుకున్నాను కూడా. అంటే అందరూ నావైపు చూస్తారు. అనకుండా, ఇంకాస్త గట్టిగా ఊపిరి పీల్చాను.

డాక్టరు నా వీపు మీద స్టెతస్కోపు పెట్టి "బాగానే ఉందే" అంటుండగా ఆయన బెంచీ మీంచి పక్కకి ఒరిగిపోయారు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు.

మంచం ఎప్పుడు దిగానో తెలియదు. గోడకి ఆనుకుని ఉన్నాను. నేను నలిపిన దుప్పటి మీదే ఆయన్ని పడుకోబెట్టి, ఛాతీ మీద రెండు చేతులతో నొక్కుతున్నారు. నా వేలి క్లిప్పు ఆయన వేలికి పెట్టారు. "గుండెపోటు" అని ఎవరో అన్నారు. నాకింకా ఆయన అన్న "నలత" అనే మాటే వినిపిస్తోంది.

చాలాసేపటికి నాడి దొరికిందన్నారు. స్ట్రెచర్ మీద ఐసీయూకి తీసుకెళ్ళారు. తర్వాత ఆయన ఏమయ్యారో వెళ్ళి అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.

ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని స్ట్రెచర్ వెనకాలే వెళ్తున్న భార్య, నా దగ్గర ఒక్క క్షణం ఆగింది. నా తల మీద చెయ్యి వేసింది.

"నీ మంచం మాకిచ్చేశావు. ఆయాసం తగ్గిందా, తల్లీ?"