వరండాలోకి వెళ్ళిన రొట్టె

మా బేకరీ అత్త జైలు నుంచి వచ్చిన మనిషిని పెళ్ళి చేసుకోబోతోందని మా వీధిలో అందరికీ తెలుసు, అత్తకి తప్ప. ఆయనకి చొక్కా కొనిపెట్టిందట. అదీ కాలరున్న చొక్కానట. ఇక తేదీ ఒక్కటే మిగిలిందని ఎదురుగా ఉన్న లాండ్రీ ఆవిడ తేల్చేసింది.

అత్త నాకు సొంత అత్త కాదు. కొట్టులో పనిచేసే ఆడపిల్లలందరికీ అత్తే. బడి మానేశాక నన్ను తీసుకొచ్చి రొట్టెలు కాగితంలో చుట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పెద్ద ఒళ్ళు, చిన్న గొంతు. రొట్టె కాలిందో లేదో తిరగేసి అడుగున వేలితో తట్టి చెబుతుంది. డొల్లగా మోగితే కాలినట్టు. మనుషుల్ని మాత్రం తట్టి చూడదు, అలాగే లోపలికి రానిస్తుంది.

కొత్తాయనా అలాగే వచ్చాడు. ఒక పొద్దున సంచి పట్టుకుని కొట్టు ముందు నిలబడి, "జైల్లో ఉండొచ్చానండి. పనేమైనా ఉందా?" అన్నాడు. మామూలుగా మనుషులు ఆ ముక్క చివర్లో చెబుతారు.

"చేతులు కడుక్కో," అంది అత్త.

ఇంటర్వ్యూ అయిపోయింది.

మా చర్చి సంఘంలో ప్రభువు బల్లకి రొట్టె అత్త కొట్టు నుంచే వెళ్ళేది. ఒకే ఒక పెద్ద గుండ్రటి రొట్టె. పాస్టరుగారు అందరి ముందూ విరిచి, సంఘంలో ఉన్నవాళ్ళకి తలా ఒక ముక్క ఇస్తారు. కొత్తాయన వచ్చాక దానికి పిండి ఆయన పిసికేవాడు, అత్త కాల్చేది, నేను తెల్లగుడ్డలో చుట్టేదాన్ని. ఆదివారం ఆయనా చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. రొట్టె విరిచే వేళకి లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడు. సంఘంలో చేర్చుకోమంటే పెద్దలు "కొన్నాళ్ళు చూద్దాం" అన్నారు మరి. చేరనివాళ్ళకి బల్ల లేదు.

ఆ రోజుల్లోనే రొట్టె భలే మెత్తగా ఉంటోందని అందరూ అనడం మొదలుపెట్టారు.

"చెల్లెమ్మా, ఈమధ్య నీ రొట్టెలో ప్రార్థన తెలుస్తోంది," అన్నారు సంఘపెద్దగారు.

"పిసికేది నేను కాదు అన్నయ్యగారూ, కొత్తాయన," అంది అత్త.

మర్నాడు సంఘపెద్దగారు కొట్టుకి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"జాలిపడు, ఎవరొద్దన్నారు? బన్నులు చేయించుకో. ఆ ఒక్క రొట్టె మాత్రం నువ్వు పిసుకు."

"ఆ బన్నులు మీరూ తింటున్నారుగా."

"అది వేరు. ఇది పవిత్రమైన రొట్టె."

"పిండి ఒకటే అన్నయ్యగారూ. ఒకే బస్తా."

"ఎదురు చెప్పకు చెల్లెమ్మా. ముందు మీ పెళ్ళి కానివ్వండి, అప్పుడు ఆలోచిద్దాం."

"ఎవరి పెళ్ళి?"

సంఘపెద్దగారు నా వైపు చూశారు. నేను గబగబా కాగితం చుట్టాను. లోపల రొట్టె లేదు.

పొయ్యి వెనక కొత్తాయన ఏప్రాను విప్పుతున్నాడు. "నేను వెళ్ళిపోతానమ్మా. నా మూలంగా మీకెందుకు గొడవ?"

"కట్టుకో. పిండి పొంగిపోతోంది," అంది అత్త.

ఆ ఆదివారం రొట్టె వేరే షాపు నుంచి వచ్చింది. పాస్టరుగారు విరవగానే సగం పొడై బల్లగుడ్డ మీద రాలింది. కొత్తాయన ఎప్పటిలాగే లేచి బయటికి నడిచాడు. ఈసారి అత్త కూడా లేచింది. పాటల పుస్తకం బెంచీ మీద పెట్టి, అంతమంది చూస్తుండగా నడిచింది. ఆ సంఘం తప్ప ఆమెకి చుట్టాలు లేరు. వాళ్ళు మొహం తిప్పుకుంటే పండగకీ జబ్బుకీ తలుపు తట్టేవాళ్ళుండరు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాటింది.

సంఘపెద్దగారి తల్లి ముందు వరసలో చక్రాల కుర్చీలో ఉంటుంది. చెవుడు కాబట్టి ఆవిడ గుసగుసలు చర్చి అంతా వినబడతాయి.

"ఒరేయ్, నన్నూ బయటికి తోయరా."

"బల్ల అయ్యాక వెళ్దామమ్మా."

"ఏం అయ్యాక?"

"బల్లమ్మా, బల్ల!"

"ఆ పిల్ల వరండాలో నిలబడితే నాకిక్కడ బల్లేమిటి? తోయి."

సంఘపెద్దగారు తోశారు. చక్రం కీచుమంటూ దారంతా చాటింపు వేసింది. పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఇలాంటిదానికి ప్రసంగం రాసుకుని రాలేదాయన. చివరికి పళ్ళెంతోనే వరండాలోకి నడిచారు. సంఘమంతా వెనకే లేచింది. చోటు చాలక కొందరు మెట్ల మీద నిలబడ్డారు.

పాస్టరుగారు పళ్ళెం ముందుగా కొత్తాయనకి చాపారు. ఆయన తీసుకోకుండా సంఘపెద్దగారి వైపు చూశాడు.

సంఘపెద్దగారు తల్లి కుర్చీ పిడి వదలకుండా, "తీసుకోవయ్యా. పొడైపోతోంది," అన్నారు.

మా సంఘం ఒక మనిషిని చేర్చుకున్న తీరు అదే. ప్రభువు లోపలుంటాడనీ, మనం తలుపు తీస్తే బయటివాళ్ళు ఆయన దగ్గరికి వస్తారనీ అనుకునేదాన్ని. ఆ పూట లోపల ఖాళీ బెంచీలే ఉన్నాయి.

పెళ్ళి కబురు మా వీధిలో ఇంకా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు సంఘపెద్దగారే దగ్గరుండి చేయిస్తారట. పెళ్ళీ లేదు, ఏమీ లేదు. ఆ రోజు ఇంటికొస్తూ దారిలో అత్త తనంతట తానే నాకూ కొత్తాయనకీ చెప్పింది. కొట్టు మొదట్లో చక్రాల కుర్చీలో ఉన్న ఆ పెద్దావిడది. జైలు నుంచి వచ్చి అందులో పనిలో చేరినవాళ్ళలో కొత్తాయన రెండోవాడు. మొదటి మనిషి అత్త.