అమ్మ డబ్బా

నిన్న ఆవకాయ సీసా మూత రాక, నొప్పెట్టిన బొటనవేలికి బామ్ రాసుకున్నాను. ఆ ఘాటుకు ఎనభైల్లో అమెరికాలో, క్యారీ అనే ఊళ్లోని మా ఇంటి గరాజ్ గుర్తొచ్చింది. అక్కడ ఎప్పుడూ ఈ వాసనే. తుపాకీ మందు వాసన ఇదేననుకునేదాన్ని.

నాన్న సర్జన్. సరదాకి రివాల్వర్‌తో టార్గెట్ కాల్చేవారు. ఆదివారాలు గరాజ్‌లో కూర్చుని, పేలిన తూటాల ఇత్తడి గొట్టాల్లో మళ్లీ మందు పోసి, సీసపు గుండు బిగించేవారు. ఒక డబ్బాలోని వాటికి మాత్రం మందు తగ్గించేవారు.

"వీటికెందుకు తక్కువ, నాన్నా?"

"ఇవి మైల్డ్‌వమ్మా. చేతిని వెనక్కి తన్నవు, గురి బాగా కుదురుతుంది. అమ్మ కోసం."

నా పప్పులో కారం తగ్గించినట్టే కాబోలు అనుకున్నాను. కానీ అమ్మ ఒక్కసారీ మాతో షూటింగ్ రేంజ్‌కి రాలేదు. అక్కడ నాన్నే ఆ డబ్బా ఖాళీ చేసేవారు. ఒకరోజు ఇంటికి రాగానే వంటింట్లోకి పరుగెత్తాను.

"అమ్మా, నాన్న నీ బుల్లెట్స్ అన్నీ కాల్చేస్తున్నారు!"

అమ్మ గరిటె ఆపకుండానే, నా వెనకొచ్చిన నాన్నను చూసింది.

"కాల్చుకోనీవే. నాకు మళ్లీ చేసిస్తార్లే."

నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

ఆయనకు అప్పటికే బొటనవేలి కీళ్లనొప్పి. సర్జన్‌కి చేతినొప్పి అని బయట పొక్కితే ఆపరేషన్‌కి ఎవరొస్తారు? అందుకే గట్టి తూటాలు మానేసి, మైల్డ్‌వి అమ్మ పేరున చేసుకున్నారు.

ఆయనకు బామ్ రాసేది అమ్మే. ఆవిడ చేతులూ అదే వాసన వేస్తుంటే, తనూ తూటాలు చేస్తుందనుకునేదాన్ని.