మిరపచేలో తెల్లచొక్కా

నాకు అక్షరాలు వచ్చింది యాభై మూడో ఏట. అందుకే మొన్నటి ఎన్నికలనాటి కోపం ఇప్పటికి రాయగలుగుతున్నాను.

మిరపకాయలు కోసేటప్పుడు ఘాటు తగలకుండా చీరమీద మా ఆయన పాత తెల్లచొక్కా తొడుక్కుని, ముఖానికి గుడ్డ చుట్టుకుంటాను. ఒక తెల్లవారుజామున మంచులో మా కౌలుచేలోకి వెళ్తుంటే ఎవరో వీడియో తీసి, ఊరి వాట్సాప్ గ్రూపులో దెయ్యమని పెట్టారు. అవతలివాళ్ల పాపానికి లేచిన ఆత్మ అని ఒక పార్టీవాళ్లు, ఓట్లకోసం ఇవతలివాళ్లు వేయించిన వేషమని రెండో పార్టీవాళ్లు రాసుకున్నారు. అందరూ తెలిసినవాళ్లే. నా గురించి రాసింది నాకు పక్కింటి సుజాత చదివిపెట్టాల్సి వచ్చింది. భయపడి కూలీలు రావడం మానేశారు. పండిన కాయ చేలోనే రాలిపోతోంది.

"అది నేనేనని రాయవే," అన్నాను.

"రాశానక్కా. నువ్వు ఏ పార్టీ తరఫున చెబుతున్నావని నన్నే అడుగుతున్నారు."

ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే అదే చొక్కా, అదే గుడ్డతో టీకొట్టు దగ్గరికి వెళ్లాను. బెంచీమీద ఫోన్లు చూసుకుంటున్న వాళ్లందరి ముందు గుడ్డ విప్పాను.

"ఇప్పుడు తీయండ్రా వీడియో, మొహంతో సహా."

ఒక్కడూ ఫోను ఎత్తలేదు. మళ్లీ గుడ్డ చుట్టుకుని కోతకు వెళ్లాను.