సగం మాత్ర

జిపర్ ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో మామగారి పేరు ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. ఊళ్ళో అదే పేరున్న మరో ముసలాయన ఉంటే, ఆయన్ని కూడా 'వంతెన దగ్గరి తాత' అనే అంటుంది. మామగారి ఎదుట వీపు తిప్పదు, గొంతు పెంచదు. ఆయన్ని పిలవాల్సివస్తే 'అతా' అంటుంది, నాన్న అన్నట్టుగా. ఆ కొండల్లో కోడళ్ళందరూ నడిచే దారే ఇది. ఆమెకెప్పుడూ అది బరువనిపించలేదు, ఆ చలికాలం వచ్చేదాకా.

మామ సగినాలి డెబ్బయ్యారేళ్ళ గొర్రెల కాపరి. ఎముకల్లో క్యాన్సర్ అన్నారు జిల్లా ఆసుపత్రిలో. కోస్తే పోయేది కాదని, నొప్పికి మాత్రలు రాసి ఇంటికి పంపేశారు. గురువారం గురువారం ఊరి నర్సు సాయ్‌రా వచ్చి, ఫోన్లో డాక్టరుని పట్టి ఆయన పక్కన పెట్టేది.

"తాతా, నొప్పి ఎంతుంది? అస్సలు లేకపోతే సున్నా, ఓర్చుకోలేకపోతే పది."

"పదంటే ఏంటో నాకు తెలుసులేవే. కనుమ మీద గుర్రం నామీద పడింది. తొడ విరిగితే అదే గుర్రమెక్కి మూడు రోజులు దిగొచ్చాను. అదీ పదంటే. ఇది నాలుగు."

"ఆ గుర్రాన్నడిగితే నిజం చెప్పేది."

"అది చచ్చి ముప్ఫై ఏళ్ళయింది. వెళ్ళి అడిగిరా."

సాయ్‌రా నవ్వింది. నాలుగు అని రాసుకుంది. "నాలుగేనా, అయితే మందు పనిచేస్తున్నట్టే. అదే వాడండి," అన్నాడు డాక్టరు ఫోన్లో.

తలుపు దగ్గర టీ గిన్నె పట్టుకుని నిలబడ్డ జిపర్ తల వంచుకుంది. ఆ నాలుగు ఎలాంటిదో ఆమెకి తెలుసు. ఆయన తిన్నట్టు నటించి రొట్టె ముక్కల్ని కుక్కకి వేస్తున్నాడు. ఎవరూ లేరనుకున్నప్పుడు గోడవైపు తిరిగి, ఈనలేక అవస్థపడే గొర్రెలా ముక్కుతో ఊపిరి తీస్తున్నాడు.

శనివారం పరుపు దులుపుతుంటే ఆయన కొరడా దొరికింది. పిడికి చుట్టిన తోలు నిండా పంటి గాట్లు. కొత్తవి. పక్కనే కంబళి బూటులో ఒక గుడ్డమూట. విప్పి చూస్తే సగం సగం విరిచిన మాత్రలు, గుప్పెడు.

జిపర్ మూట పట్టుకుని అక్కడే కూలబడింది. ముసలాయన కళ్ళు తెరిచి చూశాడు.

"అక్కడ పెట్టెయ్ తల్లీ."

"ఇదేంటి అతా?"

"గడ్డి అంతా చలి మొదట్లోనే వేసేస్తే, మంచు కరిగేలోపు మంద ఏం తింటుంది? అసలు నొప్పి ఇంకా రాలేదు. అది వచ్చేసరికి చేతిలో ఉండాలిగా."

బతుకంతా గడ్డి దాచుకుంటూ గడిపిన మనిషి మందుని కూడా గడ్డే అనుకున్నాడు.

ఆదివారం ఆమె భర్త కుబాన్ కొండ మీది గొర్రెల కొట్టం నుంచి దిగొచ్చాడు. పెరట్లో గుర్రం జీను విప్పుతుంటే చెప్పింది.

"డాక్టరుకి నువ్వు చెప్పు."

"నేనా? నాన్న నాలుగంటే, పక్కనుంచి నేను తొమ్మిదనాలా? ఆయన మొహమ్మీదే?"

"మరెవరు చెప్పాలి?"

"ఆయనే చెప్పాలి."

"ఆయన చెప్పడు."

"అయితే నువ్వు మాత్రం ఎలా చెప్తావు? కోడలివి," అన్నాడు. జీనుని భుజానేసుకుని లోపలికి పోయాడు. తెల్లారి కొట్టానికి ఎక్కిపోయాడు.

గురువారం సాయ్‌రా వచ్చింది. ఎంత తాతా అంది. నాలుగు అన్నాడు.

"కాదక్కా," అంది జిపర్. తన గొంతు తనకే గట్టిగా వినపడింది. "తొమ్మిది. రాసిన మాత్ర సగమే వేసుకుంటున్నాడు. మిగతాది దాస్తున్నాడు. తిండి మానేశాడు. ఇదిగో కొరడా, చూడండి."

ముసలాయన మొహం రాయిలా అయిపోయింది.

"నిన్నెవరు మాట్లాడమన్నారు?"

"ఎవరూ అనలేదు అతా."

ఫోన్లో డాక్టరు మెల్లగా చెప్పాడు: "పెద్దాయనా, నొప్పి వచ్చాక తరమడం కాదు, రాకముందే ఆపాలి. వేళకి పూర్తి మాత్ర వేసుకోండి. ఆ మూట సాయ్‌రాకి ఇచ్చెయ్యండి. పూర్తిగా వేసినా లొంగకపోతే మీ అంతట మీరు పెంచొద్దు, నాకు చెప్పండి. ఇంకో మందుంది. మందు దాచుకోనక్కర్లేదు, అయిపోతే మళ్ళీ పంపిస్తాం."

వేళకి జిపర్ అరచేతిలో పెట్టిన మాత్రని ముసలాయన తీసుకున్నాడు, మొహం చూడకుండా. అలా నాలుగు రోజులు. ఇంట్లో ఆమె ఒకతే ఉన్నట్టుండేది. టీ ఇస్తే తాగాడు, చాలు అనలేదు, ఇంకా కావాలనలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆమె పిండి పిసుకుతోంది.

"జిపర్."

ఆయన ఆమెని పేరుపెట్టి పిలవడం అరుదు. పిండి చేతులతోనే వెళ్ళింది.

"లొంగట్లేదు. ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఎనిమిదని చెప్పు," అన్నాడు.

వారమంతా ఆ మాట కోసమే చూసింది. కానీ మూడు రోజులు విరిగిన కాలుతో కొండ దిగొచ్చిన మనిషి అడిగాడంటే, ఇక మిగిలింది ఎంతో ఆమెకి అర్థమైంది. వాకిట్లోకి పోయి, ఫోన్ చెవికి ఆనించుకుని, నర్సు ఎత్తేలోపు ఏడ్చేసింది.

కొత్త మందు సాయంత్రానికల్లా వచ్చింది. ఆ తర్వాత పంతొమ్మిది రోజులు ఉన్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు. మూడన్నాడు, ఒక్కోరోజు అయిదన్నాడు. పెరిగినప్పుడల్లా చెప్పాడు. గోడవైపు కాకుండా వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. గొర్రెలు ఈనే రోజుల్లో, పగటిపూట, నిద్రలోనే పోయాడు.

పరామర్శకొచ్చిన ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. ఆయన చెల్లెలు, పెద్ద ముసలమ్మ, తల ఆడిస్తూ అంది:

"మగాడంటే మా అన్నే. అంత రోగంలోనూ నోరు విప్పి నొప్పి అన్లేదు."

"అన్నాడు అత్తా," అంది జిపర్, టీ పోస్తూ. "అడిగి మందేసుకున్నాడు."

ముసలమ్మ మొహం చిట్లించింది. "చచ్చినవాడి పరువు తియ్యకమ్మా."

జిపర్ గిన్నె నింపి రెండు చేతులతో ఆవిడకి అందించింది.