మందుల పడవకు పాతికేళ్ళ పండగ

మొన్న మనవరాలి కారులో బెంజ్ సర్కిల్ దాటబోతుంటే బళ్ళన్నీ ఆగిపోయాయి. బ్యాండు మేళంతో ఊరేగింపు వస్తోంది. నేను ఉద్యోగం చేసిన మిషను ఆసుపత్రి వార్షికోత్సవమట. వెనక ట్రాక్టరు మీద అట్టలతో చేసిన పడవ బొమ్మ కనిపించింది. ఆసుపత్రికి పడవేమిటని మనవరాలు నవ్వింది. కాలవల్లో పడవలు తిరిగిన రోజులు ఎరిగిన మీకైతే ఆ సంగతి తీరిగ్గా చెప్పుకోవచ్చనిపించింది.

అప్పటికిది ఇంకా బెజవాడే. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, నర్సు చదువు పూర్తి చేసి మందుల పడవలో చేరాను. మిషను వాళ్ళు బందరు కాలవ మీద నడిపే ఆ పడవలో రెండు మంచాలు, ఒక సీసాల బీరువా ఉండేవి. ఊరికి ఎడంగా ఉండే మా పల్లె మనుషులిద్దరు గట్టున నడుస్తూ తాడుతో లాగుతుంటే ఊరూరా ఆగుతూ పోయేది. ఊళ్ళో వాళ్ళకీ పల్లెలో వాళ్ళకీ వేరువేరు బావులున్న ఆ కాలంలో కూడా మా పడవలో మాత్రం అందరికీ ఒకటే బల్ల, ఎవరు ముందొస్తే వాళ్ళకే మందు. మా డాక్టరమ్మగారు అక్కడ రాజీపడేవారు కాదు. అది గిట్టక మొదట్లో మొహం తిప్పుకున్నవాళ్ళే కలరా వచ్చిన ఏడు పడవ కోసం గట్టు మీద కాచుకుని కూర్చున్నారని, పల్లెలో మిషను బడి పంతులైన మా నాన్న చెప్పేవాడు.

పడవకి పాతికేళ్ళు నిండాయని పండగ తలపెట్టింది మిషను వాళ్ళు కాదు, మా ఊరి రైతులు. తన తల్లికి కళ్ళు బాగుచేసిన పడవ అని పెద్దరైతుగారే ముందు నిలబడి పందిరి వేయించారు. నేతగాళ్ళ వీధివాళ్ళు పడవ చుట్టూ కట్టడానికి ఎర్రంచు బట్ట నేసి తెచ్చారు. నాలుగూళ్ళ జనం పోగయ్యారు, గంపల నిండా బూందీ వచ్చింది. తీరా మేళం మొదలయ్యేసరికి, ఆ బట్ట నేసిన కుర్రవాడే భార్యని మంచం మీద మోయించుకుని పరుగున వచ్చాడు. తొలికాన్పు, నిన్నటి నుంచీ నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది.

డాక్టరమ్మగారు చూసి బయటికొచ్చి, "ఆపరేషన్ చెయ్యాలండీ. ఈ పడవలో కాదు, బెజవాడ తీసుకెళ్ళాలి," అన్నారు.

బండి కడతామన్నారు ఎవరో. గతుకుల బాటలో ఆ కుదుపులకి పిల్ల దక్కదన్నారావిడ. పడవే గతి. కానీ ఎండలు ముదిరి కాలవ కట్టేసే రోజులు, నీళ్ళు మోకాటి లోతుకి దిగిపోయాయి. మా వాళ్ళిద్దరూ తాడు భుజాన వేసుకుని ఎంత లాగినా పడవ బురదలోంచి కదలలేదు. మా నాన్న చొక్కా విప్పి గట్టున పడేసి తాడు పట్టాడు. పల్లె మగవాళ్ళంతా పట్టారు. పడవ మూలిగిందే గాని జరగలేదు.

పెద్దరైతుగారు కండువా తలకి చుట్టుకుని దిగబోతుంటే వెనక నుంచి ఎవరో, "అది పల్లెవాళ్ళు పట్టిన తాడండీ," అన్నారు.

ఆయన తిరిగి కూడా చూడలేదు. "పిల్ల పోతుంటే తాడుకి మైలేంట్రా! పట్టండి!" అని అరిచారు.

ఇక చూడండి, గట్టు మీద జనమంతా కాలవలోకి దిగింది. రైతులూ నేతగాళ్ళూ పల్లెవాళ్ళూ, ఎవరి వెనక ఎవరన్నది లేదు, తాడు చాలక పడవ అంచులు పట్టి నెట్టారు. పడవ కదిలింది. లోపల ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. ఒక ఊరివాళ్ళు అలిసిపోతే తరవాతి ఊరివాళ్ళు అందుకున్నారు. మేళగాళ్ళు గట్టున పరుగెడుతూ డోలు వాయిస్తూనే ఉన్నారు. యనమలకుదురు దాటాక నీటి లోతు దొరికి, పడవ పరిగెత్తినట్టే వెళ్ళింది.

పొద్దుగుంకే వేళకి డాక్టరమ్మగారు ఆసుపత్రి మెట్ల మీదికొచ్చి, "ఇద్దరూ క్షేమం. ఆడపిల్ల," అన్నారు. బెజవాడ అదిరేలా కేక వేశారు మావాళ్ళు. మోకాళ్ళ దాకా బురదతో కాలవ గట్టునే కూర్చుని, వెనకాలే బండి మీద వచ్చిన బూందీ దోసిళ్ళతో తిన్నారు. రాసుకొచ్చిన ఉపన్యాసాలు ఎవరూ చదవలేదు. అంత గొప్ప పండగ నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు ఊరి బావి ఊరిదే, మా బావి మాదే. లోకం ఒక్క పూటలో మారిందని చెప్పను. కొన్నాళ్ళకి రోడ్లు పడ్డాయి, బస్సులొచ్చాయి, పడవని ఒడ్డుకి లాగి కలప కింద అమ్మేశారు. మావాళ్ళు నడిచిన గట్టు ఇప్పుడు ఇళ్ళ కింద ఎక్కడుందో నేనే చూపించలేను. ఆ రోజు బురదలో కాలు జారి పెద్దరైతుగారు మా నాన్న భుజం పట్టుకున్నారు. లేచాక కూడా చాలాదూరం ఆయన చెయ్యి తియ్యలేదని నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు. అదీ చెప్పాను మనవరాలికి. "భుజం పట్టుకుంటే అందులో విశేషమేముంది అమ్మమ్మా?" అంది. నాకు కోపం రాలేదు, గర్వంగానే అనిపించింది. కాకపోతే ఆ విశేషమేమిటో తెలిసినవాళ్ళం ఇక కొద్దిమందిమే మిగిలాం.