మేపుల్ చెట్టు పాఠం

మా టీచరుగారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. మీలో కొందరు చిన్నప్పుడు ఆవిడ పాఠాలు చదివే ఉంటారు, రాసిందెవరో గుర్తుండదు. వేరే దేశాల పిల్లలు ఎలా బతుకుతారో చెబుతూ మన పిల్లల కోసం తెలుగులో బడిపుస్తకాలు రాసిన తొలితరం మనిషి ఆవిడ.

అన్ని దేశాల గురించి రాసిన ఆవిడకు అనకాపల్లి నుంచి పక్కనే ఉన్న కశింకోట దాకా ఆటోలో వెళ్తే చాలు, కళ్లు తిరిగేవి. లోకమంతా లైబ్రరీ బల్ల దగ్గరే చుట్టేశారు. రాసిన ప్రతి పాఠం ముందుగా ఇంటికి చేపలు తెచ్చే ఆమెకు చదివి వినిపించేవారు. ఆమె "అదేటమ్మా?" అందంటే ఆ వాక్యం మార్చాల్సిందే. "ఆ దేశం పిల్ల పొద్దున్న లేచి ఏటి తింటాదో తెలిసిందనుకో, ఇంక ఆ పిల్ల మీద కోపం రాదే" అనేవారు టీచరుగారు నాతో.

నేను ఆవిడ దగ్గరే చదువుకుని, ఆవిడ బడిలోనే టీచరుగా చేరాను. చేరిన కొత్తలో ఒకరోజు లైబ్రరీలో కెనడా మీద ఏదో పుస్తకం తిరగేస్తుంటే ఆవిడ తప్పు ఒకటి బయటపడింది. కెనడా పాఠంలో ఆవిడ, అక్కడివాళ్లు మేపుల్ చెట్లు నరికి, గానుగాడి పాకం కాస్తారని రాశారు. అసలైతే మానుకి చిన్న బెజ్జం పెట్టి, కారిన రసం పట్టి కాస్తారట. ఆవిడ తుమ్మపాల ఊరి చెరకు రైతు కూతురు మరి. తీపి కావాలంటే నరకాలి, గానుగాడాలి, ఆవిడ పుట్టి పెరిగింది అందులోనే.

చెప్పడానికి నోరు రాక మూడు రోజులు దాచాను. నాలుగో రోజు చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"మూడ్రోజులు ఎందుకూరుకున్నావే? గుక్కెడు పాకానికి చెట్లు కొట్టేసే మనుషులని పిల్లలు అనుకుంటన్నారు కదే!"

తప్పు దిద్దిన చీటీలు అచ్చు వేయించి, పుస్తకాల్లో అతికించుకోమని బడులకు పోస్టులో పంపితే సరిపోయేది. ఆవిడ ఒప్పుకోలేదు. చీటీలూ జిగురు డబ్బా సంచిలో వేసుకుని, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని, నన్ను వెంటేసుకుని ఆటోల్లో బడిబడికీ తిరిగారు. ప్రతి క్లాసులోనూ నిలబడి "నేను తప్పు రాసేను. ఆళ్లు చెట్టుని కొట్టరు" అని చెప్పాకే జిగురు డబ్బా తీసేవారు. హెడ్మాస్టర్లు మొహమాటపడేవారు. నాకైతే తల కొట్టేసినట్టుండేది, దాచడమెందుకు. ఒక బడిలో ఓ పిల్ల లేచి "అయితే ఆ చెట్టు బతికే ఉంటాదా టీచర్?" అంది. "ఉంటాదమ్మా, మళ్లీ ఏడాది మళ్లీ రసం ఇత్తాది" అని నవ్వారు. ఆ వారంలో ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇన్నేళ్లుగా నా తప్పు నేను క్లాసులో ఒప్పుకోగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే. కానీ ఆవిడ బెంగ మాత్రం తీరలేదు. అన్ని పుస్తకాలూ దొరకలేదుగా. మొన్నమొన్నటిదాకా "ఇంకా ఎవరో నా తప్పునే నమ్ముతన్నారే" అని నలిగిపోయేవారు.

మంగళవారం మధ్యాహ్నం, ఆవిడను వాకిట్లో పడుకోబెట్టి ఉండగా, బెల్లం వండే పెద్దాయన ఒకాయన మనవరాలిని బడి నుంచి అటే తీసుకొచ్చాడు. ఆ పిల్ల అందరికీ వినబడేలా అడిగేసింది.

"తాతా, తప్పు రాసిన టీచరు ఈవిడేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఉష్ అన్నారు. ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"కాదమ్మా. తప్పు రాసేనని మా క్లాసుకొచ్చి సెప్పిన టీచరు."

ఆ పిల్ల చెప్పులు విప్పింది. స్కూలు బ్యాగు భుజాన ఉండగానే వంగి, ఆవిడ పాదాలు రెండు చేతులా పట్టుకుంది. తాత పిలిచినా చాలాసేపు వదల్లేదు.