మావగారు కట్టిన బండి

రాజోలు బస్టాండు దాటి కాలవ వైపు తిరిగితే పాపారావు షెడ్డు. దానికి బోర్డు లేదు, అక్కర్లేదు కూడా. మోటారు సైకిలు మీద నూట ఇరవై కొబ్బరికాయలు కట్టుకు తిరిగేవాళ్ళూ, చేపల ట్రేలు వరసలుగా పేర్చుకునేవాళ్ళూ, గ్యాసు సిలిండర్లు మోసేవాళ్ళూ అందరూ వెతుక్కుంటూ అక్కడికే వస్తారు. వెనక షాకబ్జర్ స్ప్రింగును బిగించే కంకణం ఒకటి ఉంటుంది, దానికి ఐదు మెట్లు, మెట్టు పెరిగినకొద్దీ స్ప్రింగు బిగుస్తుంది. పాపారావు దాన్ని తన పద్ధతిలో తిప్పి పెట్టాడంటే ఎంత బరువేసినా బండి వెనక్కి కుంగదు. ముప్ఫై ఏళ్ళ పేరంతా ఆ కంకణం మీదే వచ్చింది. మనిషి కూడా తక్కువ బరువేం కాదు. తొంభై రెండు కిలోలు.

అలాంటివాడికి దేవుడు యాభై ఐదు కిలోల అల్లుణ్ణి ఇచ్చాడు. పేరు జయప్రకాష్. కొత్తపేట దగ్గర హైస్కూల్లో లెక్కల మేష్టారు. బీడీ, సిగరెట్టు, పేకాట ఏ అలవాటూ లేని బుద్ధిమంతుడు. ఒక్క పిచ్చి మాత్రం ఉంది. మద్రాసు అవతల రేసు ట్రాకులో ఏడాదికి నాలుగుసార్లు కొత్తవాళ్ళకి మోటారు సైకిలు పందేలు పెడతారు. రోడ్డు మీద తిరిగే బండినే కాస్త మార్చుకుని వెళ్ళొచ్చు. మేష్టారు రుసుము కట్టి వాటికి వెళ్ళేవాడు. పెళ్ళయ్యాక ఆ సంగతి బయటపడితే పాపారావు ఇంటిల్లిపాదీ లబోదిబోమన్నారు గానీ, పాపారావుకి లోపల్లోపల పొంగిపోయింది. అల్లుడి బండి తను కాకపోతే ఇంకెవరు కడతారు?

కట్టాడు. ఇంజను విప్పి మళ్ళీ కూర్చాడు, టైర్లు మార్చాడు, వెనక కంకణం తన అలవాటు ప్రకారం నాలుగో మెట్టులో పెట్టాడు. కాలవ గట్టు మీద పి.గన్నవరం దాకా స్వయంగా తోలి చూసుకున్నాడు. బండి రోడ్డుకి అంటుకుపోయినట్టు నడిచింది. ఇంటికొచ్చి భార్య ఎలీసమ్మతో, మేష్టారి బండి సింహాసనంలా ఉందే అని చెప్పుకుని మురిసిపోయాడు.

మొదటి పందెంలో మేష్టారు పద్నాలుగు మందిలో పదకొండో వాడుగా వచ్చాడు. అక్కడ ఎవరో ఫోన్లో తీసిన వీడియో పాపారావు చూశాడు. జోరు మలుపులో ముందు హ్యాండిలు అటూ ఇటూ వణుకుతోంది. ఆ వణుకు ముదిరితే ఏమవుతుందో మెకానిక్కుకి ఒకరు చెప్పాలా? మనిషిని ఎత్తి అవతల పారేస్తుంది. కూతురు జాయ్ ముఖం గుర్తొచ్చి ఆయనకి ఆ పూట అన్నం సయించలేదు.

బండి జబ్బు కనిపెట్టాలంటే తోలినవాడు నోరు విప్పాలి. ఏ మలుపులో, బ్రేకు వేసినప్పుడా, ఎక్సలేటర్ ఇచ్చినప్పుడా, ముందా, వెనకా అని అడగాలి, అవతలివాడు దాచకుండా చెప్పాలి. కానీ వీళ్ళిద్దరూ మావా అల్లుళ్ళు. అందులోనూ కోనసీమ మావా అల్లుళ్ళు! ఎలా ఉందండీ అల్లుడుగారూ బండి అని ఈయన అడుగుతాడు. ఆయ్, బ్రహ్మాండంగా ఉందండి మావయ్యగారూ అని ఆయన అంటాడు. రెండో ముక్క ఈయన అడగలేడు, ఆయన చెప్పలేడు. మేష్టారు పాఠం చెప్పేటప్పుడు అవతల మూడో గది దాకా గొంతు వినిపిస్తుందట. మావగారి ముందు మాత్రం అంతా ఆయ్యే.

మిగిలింది జాయ్. తండ్రి మనసూ భర్త మనసూ నొప్పించకూడదని ఆ పిల్ల పడ్డ పాట్లు చెప్తే నవ్వొస్తుంది, నవ్వాక బాధేస్తుంది. మలుపుల్లో హ్యాండిలు గంతులేస్తోందని మేష్టారు భార్య దగ్గర ఒకసారి పైకి అన్నాడు. అది తండ్రికి ఎలా చెప్పాలో తెలియక, హ్యాండిలు కొంచెం తేలిగ్గా ఉందంటున్నారు నాన్నా, అంది జాయ్. పాపారావు అది మెచ్చుకోలనుకున్నాడు. వీడియోలో చూసిన వణుక్కి మాత్రం, ఆయన లెక్కలో, తప్పు తోలేవాడి చేతిలో ఉంది. మలుపు మధ్యలో బెదిరి ఎక్సలేటర్ వదిలేస్తున్నాడు, అందుకే వణుకుతోంది, పట్టి ఉంచమని చెప్పమ్మా అన్నాడు. జాయ్ వెళ్ళి, నాన్న మిమ్మల్ని భయపడొద్దన్నారండి అని మాత్రం చెప్పింది. మావగారి దృష్టిలో నేను పిరికివాణ్ణన్నమాట అనుకున్నాడు మేష్టారు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, లోపల పెట్టుకున్నాడు.

పాపారావు చేతనైనవన్నీ చేశాడు. హ్యాండిలు కింద కోన్‌సెట్ బేరింగులు మార్చాడు, ముందు ఫోర్కుల్లో ఆయిలు మార్చాడు, చక్రాలు రెండూ దారం పట్టి ఒక వరసకి తెచ్చాడు. వెనక కంకణం జోలికి మాత్రం వెళ్ళలేదు. పోనీ అలాగైనా ఉంచాడా? బండి ఇంకా గట్టిగా కూర్చుంటుందని ఐదో మెట్టుకి ఎక్కించాడు. మళ్ళీ గట్టు మీద తోలి చూసుకున్నాడు, మళ్ళీ సింహాసనమే.

రెండో పందెంలోనూ వణుకు తగ్గలేదు. మూడో పందేనికి తనూ వస్తానన్నాడు. కళ్ళతో చూస్తే గానీ వణుకు ఎక్కడిదో తేలదు, తేలకపోతే అల్లుడు ఎప్పుడో పడతాడు. వద్దనడానికి మేష్టారికి నోరు రాలేదు. అంబాజీపేట నుంచి వెళ్ళే కొబ్బరికాయల లారీలో బండిని కట్టి పంపించి, మావా అల్లుళ్ళు రైలెక్కారు. దారి పొడుగునా వాతావరణం గురించీ, కొబ్బరి ధర గురించీ మాట్లాడుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం పందెం. ఎనిమిది చుట్లు. బండ్లన్నీ గేటు దగ్గర బారు తీరాయి. పక్క బండికి సాయం వచ్చిన నెల్లూరు మెకానిక్కు గంగయ్య ఊసుపోక మేష్టారి బండి సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. కదల్లేదు. ఇంకోసారి ఒళ్ళంతా వేసి నొక్కాడు. అప్పుడు పాపారావుని ఎగాదిగా చూశాడు.

"ఈ బండి తోలేది ఎవరబ్బయ్యా?"

హెల్మెట్టు పెట్టుకుంటున్న అల్లుణ్ణి పాపారావు చూపించాడు.

"ఆయనా? నేను నువ్వేమో అనుకున్నా."

గేటు తెరిచారు. బండ్లు గర్జిస్తూ వెళ్ళిపోయాయి.

పాపారావు అక్కడే నిలబడిపోయాడు. ఇంత చిన్న సంగతి! గట్టు మీద తోలింది తొంభై రెండు కిలోలు, ట్రాకు మీద తోలేది యాభై ఐదు. ఆ తేలిక మనిషి కింద స్ప్రింగు కుంగనే కుంగదు. వెనక ఎత్తుగా నిలిచిపోతుంది, చక్రం గతుకు గతుకుకీ ఎగురుతుంది, ఆ వణుకంతా హ్యాండిలుకి వస్తుంది. బెదిరినవాడెవడూ లేడు. ఏ కంకణం మీద తన పేరు నిలబడిందో ఆ కంకణమే అల్లుణ్ణి చంపబోతోంది.

ఆపమని అధికారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి వేరే భాష రాదు. చేతులు తిప్పి, తన పొట్ట చూపించి, బండి చూపించి నానా అవస్థా పడ్డాడు. ట్రాకు పక్కనున్న గోడ అవతలికి వెళ్ళి నిలబడమని ఆయన మర్యాదగా దారి చూపించాడు.

గోడ దగ్గర ఒక్కొక్క పోటీదారుడి మనిషికి నల్ల పలక, సుద్దముక్క ఇస్తారు. వచ్చే చుట్టులో తోలేవాడికి కనిపించేలా ఎన్నో స్థానమో, ఎన్ని చుట్లు మిగిలాయో రాసి చూపించడానికి. అంత వేగంలో ఒక్క మాట కన్నా ఎక్కువ చదవలేరు. ఆగండి అని రాద్దామనుకున్నాడు పాపారావు. ట్రాకు మధ్యలో టక్కున ఆపేస్తే వెనకవాడు గుద్దేస్తాడని భయమేసింది. చివరికి పలక నిండా పెద్దక్షరాలతో 'స్లో' అని రాశాడు. నెమ్మదిగా వెళ్ళండి అని దాని అర్థం. అల్లుణ్ణి 'అండి' లేకుండా ఎప్పుడూ పలకరించలేదు, అంత కంగారులోనూ అది ఆయనకి కష్టంగానే తోచింది.

మూడో చుట్టులో మేష్టారు వచ్చాడు, తొమ్మిదో స్థానం. పాపారావు గోడ మీంచి సగం వంగి పలక చూపించాడు. మేష్టారు చూశాడు, తలూపాడు కూడా. హమ్మయ్య అనుకుని పాపారావు పలక దించాడు.

మేష్టారు వేగం పెంచాడు. గోడ ముందు నుంచి మొదటి మలుపు కనిపిస్తూనే ఉంది. ఎప్పుడూ కాస్త తగ్గించే చోట ఈసారి తగ్గించలేదు. హ్యాండిలు వణికింది, తర్వాత ఊగింది, తర్వాత చేతుల్లోంచి ఊడినట్టు కొట్టుకుంది. పాపారావు ఆగండి ఆగండి అని అరుస్తూనే ఉన్నాడు. బండి రెండు పల్టీలు కొట్టింది. మేష్టారు కుడిచేతి మీద పడ్డాడు.

ప్రాణానికి భయం లేదన్నారు. కుడి మణికట్టు మాత్రం ముక్కలైంది, ఆపరేషను చేసి లోపల రేకులు వేశారు. రాసుకోవడానికి, అన్నం తినడానికి పనికొస్తుంది గానీ ఎక్సలేటర్ తిప్పేలా ఇక తిరగదని డాక్టరు చెప్పేశాడు. మర్నాటికి జాయ్ వచ్చింది. నాలుగో రోజు సాయంత్రం ముగ్గురూ వార్డులో ఉండగా మేష్టారే ముందుగా మాట్లాడాడు.

"క్షమించండి మావయ్యగారూ. స్లోగా ఉన్నానని మీరు బోర్డు చూపించేరు. నేను ఇంకా ఫాస్టుగా వెళ్దామనే చూసేనండి. నా వల్ల అవ్వలేదు."

పాపారావుకి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. చెప్పకుండా ఉంటే అల్లుడు జన్మంతా తనని చేతకానివాడనుకుంటాడు. చెప్తే, చెయ్యి ఊరికే విరిగిందని తెలుస్తుంది. చెప్పాడు. గంగయ్య సీటు నొక్కడం, కంకణం, తన బరువు, పలక మీద మాటకి తన అర్థం, అన్నీ వరసగా చెప్పాడు.

అప్పుడు మేష్టారు మెల్లగా మొదలుపెట్టాడు. మొదటి రోజు నుంచీ రెండో మలుపులో వెనక చక్రం గెంతేది. బ్రేకు వదలగానే ముందు భాగం తేలిపోయేది. గతుకు దాటి ఎక్సలేటర్ ఇస్తే హ్యాండిలు వణికేది, ఐదో మెట్టుకి ఎక్కించాక మరీ ఎక్కువైంది. లెక్క చెప్పినట్టు మలుపు మలుపుకీ చెప్పాడు. ఏ మెకానిక్కూ ఏ తోలేవాడి నోటా అంత శుభ్రంగా విని ఉండడు. ప్రతిదానికీ మందు పాపారావుకి తెలుసు. అన్నీ కలిపి ఐదు నిమిషాల పని. భర్త అంత సూటిగా మాట్లాడటం జాయ్ మొదటిసారి వింటోంది.

"నేను పుస్తకంలో చదివేనండి," అన్నాడు మేష్టారు చివరగా. "తక్కువ బరువు మనిషికి కంకణం రెండో మెట్టులో ఉండాలని. స్పానరు కూడా కొన్నాను. మీరు పెట్టినదాని మీద నేను చెయ్యి వేస్తే బాగోదని ఊరుకున్నానండి."

"తిప్పెయ్యాల్సిందండి అల్లుడుగారూ," అన్నాడు పాపారావు. "నన్ను అడక్కుండా తిప్పెయ్యాల్సింది." ఆ మాట మళ్ళీ మళ్ళీ అంటూ, వార్డులో అంతమంది చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాడు.